రష్యాలో దొమొవోయ్‌ను ఇప్పటికీ నమ్ముతారా?

రష్యన్ ఇళ్ళలో ఉంటుందనే ‘దొమొవోయ్’ అన్న ఇంటిభూతం పాత కథలకే పరిమితమా, లేక నేటికీ నమ్మేవారున్నారా అని అడిగారు. త్వేర్ నగరంలో వైద్యవిద్య చదివే రోజుల్లో నేను ఒక వృద్ధురాలి ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకొని రెండేళ్ళు ఉన్నాను కనుక, చూసినది చెప్పగలను.

ముందుగా, భూతం అన్న మాట దొమొవోయ్‌కి సరిపోదు. ‘దోమ్’ అంటే ఇల్లు. పొయ్యి వెనకో గడప కిందో ఉంటూ ఇంటినీ పశువులనూ కాపాడే, ఒళ్ళంతా వెంట్రుకలున్న చిన్న ముసలివాడిగా పల్లెల్లో ఆయనను ఊహించుకున్నారు. రాత్రిపూట మనవాళ్ళు పామును పురుగు అన్నట్టే, వాళ్ళూ పేరు పెట్టి పిలవడానికి జంకి తాత అనో, యజమాని అనో అంటారు.

మా ఇంటావిడను సూటిగా అడిగితే అవన్నీ పల్లెటూరి మాటలని కొట్టిపారేసేవారు. అయినా నేను మొదటి నెల అద్దె గడప అవతల నిలబడి ఇవ్వబోతే, చెయ్యి పట్టుకొని లోపలికి లాగి, ఆ తర్వాతే డబ్బు అందుకున్నారు. తాళంచెవి కనిపించనప్పుడు కుర్చీకాలికి చేతిరుమాలు కట్టి, ‘దొమొవోయ్, దొమొవోయ్, ఆడుకొని ఇచ్చెయ్యి’ అనేవారు. ఒకసారి పరీక్షల ముందు తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఛాతీ మీద ఏదో బరువు కూర్చున్నట్టై కదలలేకపోయాను. అది స్లీప్ పెరాలిసిస్ అని నాకు తెలుసు. చెబితే ఆవిడ మాత్రం, ‘మంచికా, చెడుకా అని అడిగావా?’ అన్నారు. అలా మీద కూర్చునేది దొమొవోయేనని, భయపడకుండా ఆ ప్రశ్న అడగాలని అక్కడి పాత నమ్మకం.

980లో కీవ్ పాలకుడు వ్లదీమిర్ కొండ మీద పెరూన్ మొదలైన దేవతల విగ్రహాలు నిలబెట్టాడనీ, 988లో క్రైస్తవం స్వీకరించాక ఆ పెరూన్‌నే గుర్రపు తోకకు కట్టి ఈడ్పించి, పన్నెండుమంది చేత కర్రలతో కొట్టించి, ద్నేపర్ నదిలో పడవేయించాడనీ ప్రాచీన వృత్తాంతం చెబుతుంది. కొండ మీది దేవుడికి ఆ గతి పట్టింది గాని, పొయ్యి వెనక తాతను వెతకడానికి రాజభటులు ఇల్లిల్లూ తిరగలేదు; ఆయన నేటికీ మిగలడానికి నాకు తోచే కారణం అదే.

ఇల్లు మారేటప్పుడు పాత పొయ్యిలోని నిప్పులను కుండలో పెట్టి, ‘తాతా, కొత్త ఇంటికి దయచెయ్యండి’ అంటూ తీసుకెళ్ళడం ఒకప్పటి ఆచారం; కొందరు ఆయనను పాత చెప్పులో పిలుచుకొని వెళ్ళేవారు. మా ఇంటావిడ వేరే ఫ్లాట్‌కు మారిన రోజున సామాను మోయడానికి నేనూ వెళ్ళాను. కొత్త ఇంట్లోకి ముందుగా పిల్లిని వదిలారు. తర్వాత నా చేతిలోని పెట్టె తెరిస్తే అందులో పాత ఉన్నిబూటు ఒక్కటే ఉంది. రెండోది ఏదని అడిగితే, ‘ఆయనకు ఒకటి చాలు’ అన్నారు.