ఇంగ్లీషు కోసం పాపను విశాఖ పంపాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. పాప సీబీఎస్ఈ బడిలో తొమ్మిది పూర్తిచేసి పదికి వెళ్తోంది. లెక్కలు, సైన్సు బాగానే చేస్తుంది. ఇంగ్లీషులో మాత్రం పాఠాల ప్రశ్నలకు సగం మార్కులు కూడా రావడం లేదు. కథంతా రాస్తుంది, 'అడిగింది ఇది కాదు' అని టీచరు కొట్టేస్తారు. వాక్యాల్లోనూ తప్పులే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు అయ్యేసరికి తికమక పడుతోందని ఈమధ్య ఇంట్లో తెలుగు మాన్పించాం. విశాఖలో వేసవి స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు, అక్కడే ఐఐటీ ఫౌండేషన్ ఉన్న హాస్టల్ స్కూలు, ఇక్కడే ట్యూషన్: ఈ మూడింటిలో ఏది మేలు?

జవాబు: ముందు ఇంట్లో తెలుగు మళ్ళీ మొదలుపెట్టండి, ఇవాళ రాత్రి భోజనాల దగ్గర్నుంచే. ఈ విషయంలో మీ మీద కాస్త కోపంగానే ఉంది. మీ పాప కథంతా రాయగలుగుతోందంటే ఆమెకు కథ అర్థమైందన్నమాట. 'వాడెందుకలా చేశాడు', 'ఆమెకు కోపం ఎందుకొచ్చింది' అని మాట్లాడుకోవడం పిల్లలకు ఇంటి భాషలోనే పట్టుబడుతుంది. సాహిత్యం ప్రశ్నలు అడిగేదీ అదే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో మూడు భాషల మధ్య పెరగని పిల్లలు అరుదు. ఆ పిల్లల్లో ఇంగ్లీషు బాగా రాసేవాళ్ళూ ఉన్నారు. మీ భయం మార్కుల గురించి మాత్రమే కాదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. సరిహద్దు ఇవతల ఉండిపోయి పిల్లకు అన్యాయం చేశామేమో అని మీ బెంగ. చేయలేదు.

ఇక ఆమెకు నిజంగా ఉన్న లోటు ఏమిటో చూద్దాం. అందరికీ తెలిసిన సింహం, కుందేలు, బావి కథనే తీసుకోండి. 'కుందేలు స్వభావం రాయండి' అంటే మీ పాప బహుశా కథ మొదటినుంచి చెబుతుంది. అది కథాక్రమం, అంటే ప్లాట్. స్వభావం అడిగితే ఒక గుణం చెప్పి, దాన్ని చూపించే పని ఒకటి రాయాలి. కుందేలు సమయస్ఫూర్తి గలది. కావాలనే ఆలస్యంగా వెళ్ళి, ఇంకో సింహం అడ్డుపడిందని చెబుతుంది. అంతే. సెట్టింగ్, అంటే కథ జరిగే చోటు, కాలం అడిగితే 'అడవి' అని వదిలేయకూడదు. నీళ్ళున్న బావి లేకపోతే ఈ కథే జరగదు, ఆ మాట రాస్తేనే మార్కు. ఎక్కువమంది పడిపోయేది థీమ్, అంటే కథ సారం దగ్గర. 'తెలివి' అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. అది విషయం మాత్రమే. 'గర్వం కళ్ళు కప్పితే బలమున్నవాడు కూడా తన నీడనే శత్రువనుకుంటాడు' అని పూర్తి వాక్యంలో చెబితే థీమ్ అవుతుంది. పద్యాల్లో ఉపమ, రూపకం గుర్తుపట్టి పేరు రాసేస్తే సగం పనే అయినట్టు. ఆ పోలిక వల్ల మనకు ఏం కనిపించిందో, ఏం అనిపించిందో ఇంకో వాక్యం కావాలి.

వాక్యాల తప్పులకు కారణం తెలివితక్కువతనం కాదు, తెలుగు అలవాటు. తెలుగులో కర్త లేకుండా 'చాలా తెలివైంది' అంటే చెల్లుతుంది. అదే అలవాటుతో ఇంగ్లీషులో 'ఈజ్ వెరీ క్లెవర్' అని రాస్తే ముందు 'షి'యో 'ఇట్'టో లేక వాక్యం కూలిపోతుంది. 'ఎందుకంటే సింహానికి గర్వం ఎక్కువ' అన్నది మనకు నిండు వాక్యమే, కానీ 'బికాజ్ ద లయన్ వాజ్ ప్రౌడ్' అని చుక్క పెట్టేస్తే అది సగం వాక్యం. వెళ్ళి, చూసి, దూకి అంటూ మనం గొలుసుగా చెప్పుకుపోతాం. పిల్లలు దాన్ని కామాలతో దించేస్తారు: 'ద రాబిట్ కేమ్ లేట్, ద లయన్ వాజ్ యాంగ్రీ, హి టోల్డ్ ఎ లై.' అబద్ధం చెప్పింది సింహమా, కుందేలా? రెండో కామా తీసి చుక్క పెట్టి, 'హి' బదులు 'ద రాబిట్' అని రాయాలి. మొదటి కామా తర్వాత 'అండ్' చేర్చాలి. ఒడియాలో ఆడకైనా మగకైనా 'సే' అనే అంటారు కాబట్టి, స్నేహితులతో ఒడియాలో ఆలోచించే పిల్లలకు 'హి', 'షి' తారుమారవుతుంటాయి. తిట్టకండి, రాశాక ఒకసారి వెతుక్కోమనండి.

రోజుకు అరగంట చాలు. ఒక ప్రశ్న, మూడు వాక్యాల జవాబు: అడిగినదానికి సూటిగా ఒకటి, పాఠంలోంచి ఆధారం ఒకటి, ఆ ఆధారం ఎలా సరిపోతుందో ఒకటి. పరీక్షలో చిన్న జవాబుకు అడిగే 40, 50 పదాలు వీటితోనే నిండుతాయి. మొదటి నెల ఏ వాక్యమూ 15 పదాలు దాటనివ్వొద్దు. రాశాక ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసి, కర్త చుట్టూ సున్నా చుట్టమనండి. సున్నా లేని వాక్యం సగం వాక్యం. రెండు సున్నా–గీత జతల మధ్య ఉత్త కామా ఉంటే అక్కడ చుక్కో 'అండ్'/'బట్' లాంటి మాటో రావాలి. కథ భూతకాలంలో మొదలెడితే చివరిదాకా భూతకాలమే.

హాస్టల్ స్కూలు గురించి నాకు అనుమానాలు ఎక్కువ. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యాక పదిలో బడి మారాలంటే సరైన కారణం చూపించి సీబీఎస్ఈ అనుమతి తీసుకోవాలి. అది దొరికిందే అనుకుందాం. ఐఐటీకి మొదటి మెట్టైన జేఈఈ మెయిన్‌లో ఇంగ్లీషు విభాగమే లేదు. కాబట్టి ఫౌండేషన్ టైమ్‌టేబుల్లో ముందు కోత పడేది ఇంగ్లీషు పీరియడ్‌కే. ఇంగ్లీషు బాగుపడాలని పంపి, ఇంగ్లీషును పక్కన పెట్టే చోట చేర్చినట్టు అవుతుంది. లెక్కలు, సైన్సు ఇక్కడే బాగా చేస్తోందని మీరే రాశారు. మరి ఎవరిని చూసి ఈ తొందర? ఐఐటీయా కాదా అన్నది పదకొండులో గ్రూపు తీసుకునేటప్పుడు ఆలోచించుకోవచ్చు. మంచి వాక్యం రాయడం మాత్రం వేరేచోట్ల పనికొస్తుంది. సైన్యంలో అధికారులయ్యేందుకు రాసే ఎన్‌డీఏ రాతపరీక్షలో 900 మార్కులకు 200 ఇంగ్లీషువే, ఆడపిల్లలూ రాయొచ్చు. లా చదవాలంటే రాసే క్లాట్‌లోనూ, చాలా బ్యాంకు పరీక్షల్లోనూ ఇంగ్లీషు తప్పదు.

స్పోకెన్ కోర్సు బెరుకు పోగొడుతుంది. పాప బెరుకుపడుతోందని మీరెక్కడా రాయలేదు, కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోండి. ట్యూషన్ పెడితే మాస్టారిని ఒక్కటే అడగండి: నోట్సు చెప్పి రాయిస్తారా, పిల్ల రాసింది దిద్దుతారా? నోట్సే అంటే వద్దు. రోజుకు రెండు జవాబులు దిద్దితే చాలు.

ఈ ఆదివారం ఆమె పాఠ్యపుస్తకంలో కొత్త పేజీ ఒకటి పైకి చదవమనండి. తడుముకోకుండా చదివితే పైన చెప్పిన పద్ధతి సరిపోతుంది. ప్రతి వాక్యంలోనూ ఆగిపోతుంటే మాత్రం రాతను కొన్ని వారాలు ఆపి, రోజూ పది నిమిషాలు పైకి చదివించడంతో మొదలుపెట్టండి. పక్కన మీరూ కూర్చోండి, ఫోను లేకుండా.