కొన్న డ్రోన్‌ను అప్‌డేట్ చేయకపోతే ఎగరనివ్వకుండా ఆపే హక్కు కంపెనీకి ఎక్కడిది?

యంత్రం మీ సొంతమే. కానీ అందులో నడిచే సాఫ్ట్‌వేర్‌ను మీకు అమ్మలేదు, వాడుకోవడానికి లైసెన్సు మాత్రమే ఇచ్చారు. యాప్ తెరవగానే చాలామంది చదవకుండా ఒప్పుకునే షరతుల్లో ఉండేది ఇదే.

2017లో చైనా డ్రోన్ కంపెనీ డీజేఐ తయారుచేసిన స్పార్క్ అనే చిన్న డ్రోన్ విషయంలో ఇది బాగా తెలిసొచ్చింది. గాల్లో ఉండగానే పవర్ పోయి కొన్ని స్పార్క్‌లు పడిపోయాయని ఫిర్యాదులు వచ్చాయి. కంపెనీ డ్రోన్‌కూ బ్యాటరీకీ కొత్త ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇచ్చి, సెప్టెంబరు 1 లోపు వేసుకోకపోతే టేకాఫ్ కాదని ప్రకటించింది. దీన్ని నేను తప్పుపట్టను, జనం నెత్తిన పడగల వస్తువు మరి. అదే ఏడాది మేలో ప్రకటించిన నిబంధన మాత్రం వేరే రకం. కొత్త ఫర్మ్‌వేర్ వేశాక యాక్టివేషన్, అంటే కంపెనీ ఖాతాతో లాగిన్ అయి డ్రోన్‌ను నమోదు చేయడం, పూర్తిచేయకపోతే కెమెరా లైవ్ దృశ్యం ఆగిపోతుంది, 50 మీటర్ల దూరం, 30 మీటర్ల ఎత్తు దాటి డ్రోన్ పోదు. ప్రమాదాన్ని ఆపే సవరణ వేరు, యజమాని చేతులు కట్టేసే నియమం వేరు. రెండూ ఒకే మూటలో వస్తే కావలసింది ఏరుకునే వీలు కొన్నవాడికి ఉండదు. కోపమంతా అక్కడే, అది న్యాయమైన కోపం.

పెళ్లి షూటింగ్‌కో, పొలానికో తీసుకెళ్లేవాళ్లు ముందు రోజే ఇంట్లో వైఫై మీద డ్రోన్ ఆన్ చేసి చూసుకోండి. స్పేర్ బ్యాటరీలను కూడా ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. చాలా మోడళ్లలో ప్రతి బ్యాటరీకీ విడిగా ఫర్మ్‌వేర్ ఉంటుంది.