మూడు బ్యాండ్‌ల ఈక్వలైజర్: నాబ్‌లన్నీ మధ్యలో ఉన్నా గొంతు ఎందుకు బోలుగా వినిపిస్తుంది?

నమస్తే. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సిగ్నల్‌ని 240 హెర్ట్జ్ దగ్గర, 2,400 హెర్ట్జ్ దగ్గర సెకండ్ ఆర్డర్ బటర్‌వర్త్ ఫిల్టర్లతో (ఒక హద్దు దాటాక సిగ్నల్‌ని తగ్గిస్తూ పోయే ఒక రకం ఫిల్టర్లు) బేస్, మిడ్, ట్రెబుల్‌గా విడగొట్టారు. మూడింటికీ మూడు నాబ్‌లు పెట్టి మళ్ళీ కలిపారు. నాబ్‌లన్నీ సమానంగా ఉన్నా పాట బోలుగా వినిపిస్తోంది.

మీ వైరింగ్‌ని అనుమానించక్కర్లేదు, ఆ ఫిల్టర్లను నేరుగా కలిపితే అలాగే అవుతుంది. క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ, అంటే రెండు బ్యాండ్‌లు విడిపోయే చోటు, దగ్గర లో పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను పోనిచ్చే ఫిల్టర్), హై పాస్ (పై వాటిని పోనిచ్చేది) రెండూ 3 డీబీ (డెసిబెల్) తగ్గి ఉంటాయి, వాటి మధ్య ఫేజ్ (అల ఏ దశలో ఉందన్నది) తేడా 180 డిగ్రీలు. ఒకరు తోస్తుంటే ఇంకొకరు అంతే బలంతో వెనక్కి లాగినట్టు. కలిపితే సరిగ్గా అక్కడ సిగ్నల్ మాయమైపోతుంది. ఒకదాని పొలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి చూడమని కొందరు చెబుతారు. తిప్పితే గొయ్యి పోతుంది కానీ, అదే చోట 3 డీబీ గుట్ట లేస్తుంది.

భజనలకీ, కల్యాణ మండపాల్లో చిన్న కార్యక్రమాలకీ వాడటానికి నేనూ ఇలాంటి బోర్డు కట్టుకున్నాను. మొదలుపెట్టే ముందు పెట్టుకున్న షరతు ఒక్కటే: నాబ్‌లన్నీ మధ్యలో ఉంటే మధ్యలో ఈ పెట్టె ఉందన్న సంగతే చెవికి తెలియకూడదు. ఎన్ని బ్యాండ్‌లు, ఎంత బూస్ట్ అనేవి ఆ తర్వాతి సంగతులు.

ఆ షరతు తీర్చేది లింక్విట్జ్-రైలీ క్రాసోవర్. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ 1976లో దీన్ని స్పీకర్ల కోసం ప్రచురించారు. సహోద్యోగి రస్ రైలీ పేరు కూడా కలిపి అలా పిలుస్తారు. మీరు కట్టిన ఫిల్టర్లేవీ పారేయక్కర్లేదు. ప్రతి ఫిల్టర్‌కీ అచ్చంగా అలాంటిదే ఇంకొకటి వరుసగా తగిలిస్తే చాలు. అప్పుడు క్రాసోవర్ దగ్గర ఒక్కొక్కటీ 6 డీబీ, అంటే సగానికి తగ్గుతుంది. రెండూ ఒకే ఫేజ్‌లో ఉంటాయి కాబట్టి సగం, సగం కలిసి పూర్తి సిగ్నల్ వస్తుంది. ఫేజ్ మొత్తంగా కొంత తిరుగుతుంది, కానీ లెవెల్ ఎక్కడా మారదు. నాకు అంతకంటే నచ్చింది ఏమిటంటే, బేస్ తగ్గించి మిడ్ పెంచినా మధ్యలో ఎక్కడా గొయ్యి పడదు, ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కి నున్నగా మారుతుంది.

విలువలు ఇవిగో. యూనిటీ గెయిన్ (లెవెల్ పెంచని) సాలెన్-కీ అనే ఫిల్టర్ సర్క్యూట్‌లో లో పాస్‌కి రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు. గ్రౌండ్‌కి వెళ్ళే కెపాసిటర్ 47 నానోఫారడ్, ఫీడ్‌బ్యాక్‌లో అదే రకం రెండు పారలల్‌గా. హై పాస్‌కి రెండు 47 నానోఫారడ్‌లు, ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలో ఓమ్, గ్రౌండ్‌కి రెండు 10 కిలో ఓమ్‌లు సిరీస్‌లో. లెక్క కడితే 239 హెర్ట్జ్ వస్తుంది. కెపాసిటర్లను 4.7 నానోఫారడ్‌కి మారిస్తే 2,394. అంటే ఫిల్టర్లన్నిటికీ కలిపి ఒకే రకం రెసిస్టర్, రెండు రకాల కెపాసిటర్లు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో 473జె, 472జె (47, 4.7 నానోఫారడ్) పాలియెస్టర్ కెపాసిటర్లని అడగండి, జె అంటే 5 శాతం తేడాలోపు అని. నాలుగు ఎక్కువ తెచ్చుకుని, మీటర్‌తో కొలిచి దగ్గర విలువలున్నవి జతచేయండి. చవక సిరామిక్‌వి ఇక్కడ వద్దు. వాటి విలువలు అటూ ఇటూ ఉంటే లో పాస్, హై పాస్ కలిసే చోటు జరిగిపోతుంది.

ముందు 240 దగ్గర విడగొట్టి, పై భాగాన్ని మళ్ళీ 2,400 దగ్గర విడగొట్టండి. ఫిల్టర్లకి ఎనిమిది ఆప్-ఆంప్‌లు (ఐసీలో ఉండే చిన్న యాంప్లిఫయర్లు), ఇన్‌పుట్ బఫర్‌కి ఒకటి, కలపడానికి ఒకటి. ఒక్కోదాంట్లో రెండేసి ఉంటాయి కాబట్టి మొత్తం ఐదు టీఎల్ 072 ఐసీలు సరిపోతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. మిడ్, ట్రెబుల్ రెండో క్రాసోవర్ గుండా వెళ్తాయి, బేస్ వెళ్ళదు. కాబట్టి బేస్ ఫేజ్ కొంచెం తేడాగా ఉంటుంది. పద్ధతి ప్రకారం బేస్‌ని కూడా 2,400 దగ్గర తిరిగే సెకండ్ ఆర్డర్ ఆల్ పాస్ (లెవెల్ మార్చకుండా ఫేజ్ మాత్రమే తిప్పే ఫిల్టర్) గుండా పంపాలి. మీ రెండు క్రాసోవర్ల మధ్య పది రెట్లు దూరం ఉంది కాబట్టి అది లేకపోయినా లెవెల్‌లో లోటు 0.1 డీబీ దగ్గరే ఉంటుంది, నేను వదిలేశాను. అదే 300, 1,200 దగ్గర విడగొడితే లోటు ముప్పావు డీబీ దాకా పోతుంది. అప్పుడు ఆల్ పాస్ పెట్టాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ళకైతే ఇది ఒక బైక్వాడ్ (చిన్న డిజిటల్ ఫిల్టర్) పని. ఎలాగూ పెట్టేయండి.

నాబ్‌లకి 10 కిలో ఓమ్ లీనియర్ పాట్‌లు (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు) తీసుకోండి. పాట్ నుంచి సమ్మింగ్ ఆంప్‌కి (మూడు బ్యాండ్‌లనీ కలిపే ఆప్-ఆంప్) 47 కిలో ఓమ్, దాని ఫీడ్‌బ్యాక్‌లో 100 కిలో ఓమ్. పాట్ సరిగ్గా మధ్యలో ఉంటే గెయిన్ దాదాపు ఒకటి, పూర్తిగా తిప్పితే ఆరున్నర డీబీ బూస్ట్, సున్నా చేస్తే ఆ బ్యాండ్ మొత్తం మూగబోతుంది. కాంక్రీటు మండపంలో మైకు గుమ్మని మోగుతుంటే బేస్ నాబ్ కాస్త తగ్గించగానే మాటలు విడివిడిగా వినిపిస్తాయి. ఈ బోర్డుతో నాకు బాగా అక్కరకొచ్చింది అదే.

కట్టాక చెవితో సరిచూసే ముందు ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలవండి. సౌండ్ కార్డ్ అవుట్‌పుట్‌ని బోర్డులోకి, బోర్డు అవుట్‌పుట్‌ని సౌండ్ కార్డ్‌లోకి ఇచ్చి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా స్వీప్ తీయండి. నాబ్‌లు మధ్యలో ఉంటే గీత చదునుగా రావాలి. 240 దగ్గరో 2,400 దగ్గరో గొయ్యి కనిపిస్తే, ముందు ఆ చోట రెండో స్టేజ్ విలువలు చూడండి.

పది బ్యాండ్‌లు కావాలంటే మాత్రం ఈ దారి వద్దు. క్రాసోవర్లు పెరిగేకొద్దీ ఆల్ పాస్‌లు అంతకంటే వేగంగా పెరుగుతాయి. దానికి మామూలు గ్రాఫిక్ ఈక్వలైజర్ సర్క్యూటే నయం.