కోవిడ్ తర్వాత నాన్నగారి నీరసం, దిగులు: అంతా మనసులోనిదేనా?

అరవై దాటిన మనిషికి కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి నీరసం, నిద్రలేమి, దిగులు ఉంటే, "రిపోర్టులన్నీ నార్మల్, వాకింగ్ చేయించండి" అని డాక్టర్లు పంపేస్తున్నారని చాలా ఇళ్లలో అంటున్నారు. వాకింగ్ మాట దగ్గరే నా పేచీ: ఇలా ఉన్న కొందరికి శ్రమ ఎక్కువైతే నీరసం ఇంకా ముదురుతుంది.

ఇలాంటి ఇళ్లలో జరిగేది చూడండి. ఆదివారం ఒంట్లో కాస్త ఓపికగా ఉంటుంది. పెద్దాయన రైతుబజారుకెళ్లి కూరగాయలు తెస్తారు, సాయంత్రం ఓ పెళ్లికి కూడా వెళ్లొస్తారు. సోమవారం బానే గడుస్తుంది. మంగళవారం మంచం దిగలేరు. ఒళ్లంతా నొప్పులు, వెలుతురు పడదు, పేపరు చదివితే బుర్రకెక్కదు, చిన్న మాటకే కళ్లనీళ్లు. "మొన్న బానే తిరిగారుగా!" అంటారు ఇంట్లోవాళ్లు. శ్రమ పడినదానికి ఫలితం 12 నుంచి 72 గంటల తర్వాత కనిపిస్తుంది కాబట్టి ఆ రెంటినీ ఎవరూ ముడిపెట్టరు. చివరికి ఆయన కూడా తనది బద్ధకమే అనుకుంటారు. దిగులు చాలామందికి అక్కడే మొదలవుతుంది.

"రేపటికి ఒంట్లో పూర్తిగా బాగైపోతే ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. గబగబా నాలుగు పనులు చెప్పారంటే మనసు బతికే ఉంది, ఒళ్లే సహకరించడం లేదు. "ఏముంది చేయడానికి" అంటే డిప్రెషన్‌ను అనుమానించాలి. రెండూ కలిసి ఉండేవాళ్లూ తక్కువేం కాదు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్కులో పూటపూటా చేసిన పని, నిద్ర, నీరసం, మనసు రాయండి, చివరి రెంటికీ పదికి మార్కులు వేస్తూ. బాగా పడిపోయిన రోజు కనిపిస్తే అంతకుముందు మూడు రోజులు తిరగేయండి. ఫోన్లో గంట మాట్లాడటం, బ్యాంకు పనులు కూడా శ్రమ కిందే లెక్క. ఓపిక లేని రోజున ఎంత చేయగలరో, బాగున్న రోజునా అంతకు కాస్త అటూఇటూగానే ఆపాలి. స్నానం స్టూలు మీద కూర్చుని చేయాలి. అలసిపోయాక కాదు, అలసట రాకముందే పావుగంట పడుకోవాలి.

ఇక "అన్నీ నార్మల్" సంగతి. సీటీ స్కాన్లు రెండుమూడు తీయించేవాళ్లు కూడా నిలబెట్టి బీపీ చూడరు! పది నిమిషాలు పడుకోబెట్టి బీపీ, పల్స్ చూడండి. తర్వాత నిలబెట్టి 1, 3, 5, 10 నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కన ఒకరుండాలి, కళ్లు తిరిగితే వెంటనే ఆపేయాలి. పైబీపీ 20 తగ్గినా, పల్స్ 30 పెరిగి దిగకపోయినా ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా బీపీ అలా పడిపోతుంది. రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), సోడియం (రక్తంలో ఉప్పు) చేయించండి. ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష తప్పనిసరి. అది తగ్గితే నీరసం, మతిమరుపు, దిగులు మూడూ రావచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే ముందు గుండె డాక్టరు.

వాట్సాప్ కషాయాల జోలికి పోకండి. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబైలోనే బయటపడ్డాయి.

డిప్రెషన్ అని తేలితే మందులకు భయపడొద్దు, రెండు నుంచి నాలుగు వారాలకు గుణం తెలుస్తుంది. నిద్ర కోసం సొంతంగా ఆల్ప్రాజోలమ్ లాంటి మత్తు మాత్రలు మాత్రం వద్దు, ఈ వయసులో రాత్రిపూట తూలి పడతారు. "బతికి ఏం లాభం" లాంటి మాట వస్తే అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడేవాళ్లకు డిప్రెషన్ మందు మొదలుపెడితే రెండు వారాల్లో సోడియం మళ్లీ చూడాలి. అది పడిపోతే తికమక, మగత వస్తాయి, జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచేస్తారు.