గుల్మార్గ్ వెళ్లే ముందు బ్యాగు సంగతి

మలక్‌పేట, హైదరాబాద్

బిడ్డా,

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు ఫోన్‌లో చూపించిన బ్యాగు గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నా. పండగ పూట అందరి మధ్యా చెప్పేది కాదని అప్పుడు ఊరుకున్నా. నలభై లీటర్లది, వీపుకు గాలి ఆడేలా జాలీ ఉన్నది, మంచి ట్రెకింగ్ బ్యాగే. మన అనంతగిరికి, నల్లమలకు అంతకంటే ఏం కావాలి? కానీ నువ్వు స్కీయింగ్‌కు వెళ్తానంటున్న కశ్మీర్‌లోని గుల్మార్గ్ మంచు మీదికి మాత్రం అది వద్దు. ఎందుకు వద్దో, ఏది కొనాలో రాస్తున్నా. కాస్త పొడుగు ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

బ్యాగు కొనేటప్పుడు ఎవరమైనా ముందు అడిగేది "ఎన్ని పడతాయి?" అని. స్కీయింగ్ బ్యాగుకు అది తర్వాతి ప్రశ్న. చేతులకు మందపాటి గ్లవ్స్ ఉంటాయి, మొహం మీద గాలి కొడుతుంటుంది, ఒళ్లు వణుకుతుంటుంది. అప్పుడు కావాల్సిన వస్తువు ఎంత తొందరగా బయటికొస్తుంది? ముందు అది చూడాలి.

నాకిది అనుభవం మీదే తెలిసింది. అది నేను గుల్మార్గ్ వెళ్లిన మూడో చలికాలం. పైకి తీసుకెళ్లే ముందు మా గైడ్ ప్రాక్టీస్ పెట్టాడు. ఒక పాత సంచిలో బీకన్ (మంచు కింద పడ్డవాళ్లను వెతకడానికి రేడియో సంకేతాలు పంపే, అందుకునే చిన్న పరికరం) వేసి, మంచులో మీటరు లోతున పూడ్చి, "మీ స్నేహితుడు కింద ఉన్నాడు, తీయండి" అన్నాడు. బీకన్‌తో చోటు దొరికింది. ఇక తవ్వాలి. నా పార బ్యాగు అడుగున ఉంది. పైన స్వెట్టర్, దాని కింద టిఫిన్ డబ్బా, దాని కింద స్కిన్స్ (కొండెక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు). ఒక్కొక్కటీ తీసి మంచు మీద పెడుతున్నా. గాలికి స్పేర్ గ్లవ్ ఒకటి వాలు మీద జారుకుంటూ కిందికి పోయింది. పార దొరికేసరికి దాని పిడి ఇంకో మూల ఇరుక్కుంది. పక్కనున్న కశ్మీరీ కుర్రాడు ముందు జిప్పు ఒక్కటి లాగి, పార తీసి, పిడి బిగించి అప్పటికే మోకాలి లోతు తవ్వేశాడు. గైడ్ నన్నేమీ అనలేదు, గడియారం చూపించాడంతే. నాకు నాలుగు నిమిషాలు పట్టింది.

నాలుగు నిమిషాలంటే చిన్న విషయంలా ఉంటుంది. మంచు చరియ విరిగిపడి కింద కూరుకుపోయిన మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత ఊపిరాడక అది గబగబా పడిపోతుంది. ఆ పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు నేను టిఫిన్ డబ్బా కింద వెతుక్కుంటూ గడిపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుల్మార్గ్‌లో ఇవి మాటవరసకు చెప్పే భయాలు కావు. 2023 ఫిబ్రవరిలో అక్కడి అఫర్వత్ కొండ వాలు మీద మంచు చరియ విరిగిపడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు.

అందుకే నేను పెట్టే మొదటి షరతు ఇది. పారకు, ప్రోబ్‌కు (మంచులో గుచ్చి మనిషిని వెతికే పొడుగాటి మడత కడ్డీ) బ్యాగులో విడిగా ఒక అర ఉండాలి. దాని జిప్పు బయటినుంచి నేరుగా తెరుచుకోవాలి. పార రేకు ఒక జేబులో, పిడి, ప్రోబ్ పక్కనున్న సన్నటి గొట్టాల్లాంటి జేబుల్లో నిలబడాలి. ఆ అరలో ఇంకేమీ పెట్టకు. చాక్లెట్ కూడా వద్దు. బీకన్ అసలు బ్యాగులోనే ఉండకూడదు, ఒంటికి కట్టుకుని జాకెట్ లోపల ఉండాలి. మంచు దెబ్బకు బ్యాగు ఊడిపోవచ్చు. నువ్వొకచోట, బీకన్ ఇంకోచోట ఉంటే వెతికేవాళ్లు వట్టి బ్యాగును తవ్వుతారు. ఈ మూడూ అక్కడ అద్దెకు దొరుకుతాయి, కానీ పార రేకు మరీ పెద్దదైతే నీ బ్యాగు అరలో పట్టకపోవచ్చు. పార, ప్రోబ్ నా దగ్గరున్నాయి, అవే తీసుకెళ్లు.

ఇక వీపు జాలీ. మన ఎండలకు అది వరం. మంచులో కూర్చున్నా, పడినా, బ్యాగు కింద పెట్టినా ఆ జాలీ సందుల్లోకి మంచు కూరుకుపోతుంది. భుజానికెత్తుకోగానే ఒంటి వేడికి కరిగి జాకెట్ తడుపుతుంది, ఆగి నిలబడితే మళ్లీ గడ్డకడుతుంది. స్కీ బ్యాగులకు వీపు దగ్గర నున్నటి, గట్టి ఫోమ్ పలక ఉంటుంది. చేత్తో ఒక్కసారి తుడిస్తే మంచు రాలిపోవాలి. దుకాణంలో వేలితో రాసి చూడు, బట్ట చారలు చారలుగా, గరుకుగా ఉంటే పక్కన పెట్టెయ్.

సైజు సంగతి. రిసార్ట్ వాలుల మీద, లిఫ్టులెక్కి దిగే రోజుల్లో నీకు కావాల్సింది నీళ్లు, ఒక పల్చటి జాకెట్, తినడానికేదైనా, సన్‌స్క్రీన్. దానికి 12 నుంచి 18 లీటర్లు చాలు. స్కిన్స్ అంటించుకుని కొండెక్కే రోజుకు పార, ప్రోబ్, స్కిన్స్, మందపాటి వెచ్చటి జాకెట్, స్పేర్ గ్లవ్స్, లీటరు నీళ్లు, ఫస్ట్ ఎయిడ్, హెడ్‌ల్యాంప్ అన్నీ కావాలి, 25 నుంచి 30 లీటర్లు పడుతుంది. నువ్వు రెండూ చేస్తానంటున్నావు, రెండు బ్యాగులు కొనే డబ్బు లేదంటున్నావు. అయితే 22 నుంచి 26 లోపు ఒకటి చూసుకో. పక్కల బిగించే పట్టీలు మాత్రం తప్పకుండా ఉండాలి. సామాను తక్కువున్న రోజు పట్టీలు లాగితే బ్యాగు పల్చగా వీపుకు అతుక్కోవాలి. వదులుగా ఉన్న బ్యాగు మలుపు తిరిగినప్పుడల్లా నువ్వు ఒకవైపు పోతే అది ఇంకోవైపు లాగుతుంది. నేర్చుకునే రోజుల్లో ఆ ఊపే మనిషిని పడేస్తుంది. ఖాళీ బ్యాగు బరువు కిలో అటూ ఇటూ ఉంటే సరే.

నలభై లీటర్లది కొంటే ఏమవుతుందంటావా? ఖాళీ ఉంటే నింపుతాం. నింపితే అడుగున పడింది దొరకదు. నా కథే అది.

లిఫ్టుల దగ్గర ఒక జాగ్రత్త. గొండోలా, అంటే కేబుల్ కార్ అయితే డబ్బాలో కూర్చోవడమే, బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంటే చాలు. మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వత్ మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. మన హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంది, కాబట్టి మొదటి రోజే పైకి పోవద్దు. చెయిర్‌లిఫ్ట్ వేరే సంగతి. అందులో బ్యాగు వీపున ఉంటే వేలాడే పట్టీ కుర్చీకి చిక్కుకుంటుంది, దిగాల్సిన చోట దిగలేవు. ఎక్కే ముందే బ్యాగు విప్పి ముందుకు తెచ్చుకో, పట్టీల కొసలన్నీ లోపలికి దోపెయ్. పొడుగాటి తోకల్లా పట్టీలు వేలాడే బ్యాగైతే కొసలు చుట్టిపెట్టే ఎలాస్టిక్ ముక్కలు ఉన్నాయో లేదో చూడు.

గొండోలా దిగాక శిఖరం వైపు కొంత దూరం స్కీలు మోసుకుంటూ బూట్లతో ఎక్కాల్సి వస్తుంది. అక్కడే స్కీలు కట్టే ఏర్పాటు కావాలి. రెండు పద్ధతులున్నాయి. రెండు స్కీలనూ కలిపి వీపు మీద ఏటవాలుగా కట్టడం ఒకటి. కింద ఒక ఉంగరంలాంటి పట్టీ, పైన ఎదురు భుజం వైపు ఇంకో పట్టీ, అంతే. తొందరగా కట్టొచ్చు, తొందరగా విప్పొచ్చు. చెరో పక్కా ఒక్కో స్కీ కట్టి పైన కొనలు కలపడం రెండోది. బరువు సమంగా ఉంటుంది కానీ అడుగు వేసినప్పుడు స్కీ తోకలు కాళ్లకు తగలొచ్చు. నీకు మొదటిది చాలు. కింది ఉంగరం వెడల్పుగా ఉందో లేదో కొలుచుకో, మంచు ఎక్కువ పడే చోట అద్దెకిచ్చే స్కీలు వెడల్పువి ఉంటాయి. స్కీ అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి అది ఆనే చోట బట్ట రెండు పొరలుగా, మందంగా ఉండాలి.

తెరిచే పద్ధతి కూడా చూడు. వీపు పలక వైపు నుంచి జిప్పు తెరుచుకునే బ్యాగుల్ని నేను బాగా ఇష్టపడతా. బ్యాగును మంచు మీద వెల్లకిలా పడుకోబెడితే భుజాల పట్టీలు పైకి ఉంటాయి, వాటికి మంచు అంటదు, సామానంతా ఒక్క చూపులో కనబడుతుంది. జిప్పులకు ఉండే చిన్న రేకు గ్లవ్స్‌తో పట్టుకోలేవు. పెద్ద లాగుడు తాళ్లు లేకపోతే కోఠిలో బ్యాగులు కుట్టే అతని దగ్గర దారం ఉంగరాలు వేయించుకో, పది నిమిషాల పని. కళ్లద్దాలకు, గాగుల్స్‌కు లోపల మెత్తటి బట్ట వేసిన చిన్న జేబు ఉంటే మంచిది, హెల్మెట్ బయట కట్టే వల ఉంటే ఇంకా మంచిది.

నీళ్ల గొట్టం ఉన్న బ్యాగు మీద నీకు మోజు ఉందని తెలుసు. ఆ గొట్టంలో నీళ్లు నింపి మన ఫ్రిజ్ ఫ్రీజర్‌లో గంటసేపు పెట్టి చూడు, అక్కడ నీ ముందర జరగబోయేది అదే. వెడల్పు మూతి ఫ్లాస్క్ తీసుకో, గోరువెచ్చటి నీళ్లు పోసుకో.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న బ్యాగు కొననా అని అడిగావు. తాడు లాగితే పెద్ద బెలూన్ ఉబ్బి, మనిషిని మంచు పైభాగానికి తేల్చడానికి సాయపడుతుంది. పనికొచ్చే వస్తువే, కాదనను. కానీ బరువు రెండు, మూడు కిలోలు, ధర బాగా ఎక్కువ. గ్యాస్ సిలిండర్ రకమైతే విమానంలో తీసుకెళ్లడానికి ముందుగా ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. శ్రీనగర్ ఎయిర్‌పోర్టులో తనిఖీలు ఒకటికి రెండుసార్లు ఉంటాయి, తిరుగు ప్రయాణంలో టెన్షన్ పడతావు. మొదటి ఏడాది ఆ డబ్బుతో మంచి గైడ్‌ను పెట్టుకో, బీకన్ వాడడం రోజూ ప్రాక్టీస్ చెయ్. గైడ్ వద్దన్న వాలు మీదికి పోకపోవడం ఏ బెలూన్ కంటే పెద్ద రక్షణ.

మన సిటీలో స్కీ బ్యాగును చేత్తో పట్టుకుని చూసి కొనే దుకాణాలు తక్కువ. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వెనక్కిచ్చే వీలున్న చోటే తెప్పించు, ట్యాగులు కోయకు. ఇంట్లోనే పరీక్ష పెట్టు. కిలో బియ్యం పొట్లాలు అయిదు సర్ది భుజానికెత్తుకో. నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. నువ్వు పొట్టి మనిషివి, అందుకే లీటర్ల కంటే వీపు పొడవు కొలత ముఖ్యం. బైక్ హెల్మెట్ పెట్టుకుని తల పైకెత్తు. హెల్మెట్ వెనక బ్యాగుకు కొట్టుకుంటే వాలు మీద నీకు పైన ఏముందో కనబడదు. మోకాళ్లు వంచి, ముందుకు వంగి, అటూ ఇటూ ఊగు. తర్వాత మౌలాలి గుట్ట మెట్లు ఒకసారి ఎక్కి దిగు. భుజం ఎక్కడ ఒరుసుకుందో ఆ మెట్లే చెప్తాయి.

ఆఖరి పరీక్ష నా దగ్గర. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా బ్యాగు తీసుకుని రా. మందపాటి గ్లవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని పార తీసి పిడి బిగించాలి. అరనిమిషంలో అయ్యేదాకా మళ్లీ మళ్లీ చేద్దాం. పెద్దమ్మ నీకోసం సకినాలు దాచింది కానీ అవి బ్యాగులో పొడి అయిపోతాయి, ఇక్కడే తినెయ్. కొండ మీదికి ఖర్జూరం, పల్లీ పట్టీలు కట్టిస్తా.

మీ నాన్నకు ఈ ఉత్తరం చూపించు. ఆయన భయపడితే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతా.

ప్రేమతో,
పెద్దనాన్న