గోపాల్‌పూర్ రేవు దాటితే రంగూన్

ప్రశ్న: మా తాతగారు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్లారట. ఆ నగరం మన బరంపురం లాంటిదేనా? – ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: పోలిక తక్కువేనమ్మా. అంచున వరసగా కుంభాలు తీర్చే పట్టుచీరల నేతకు పేరుపడ్డ బరంపురం, 1936లో మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలో చేరింది. బర్మాలోని రంగూన్‌ను మాత్రం 1852లో పట్టుకున్న ఆంగ్లేయులు, సూలే పగోడా అనే బౌద్ధ స్తూపాన్ని నడుమ ఉంచి, గళ్లచీర పరిచినట్టు నిటారు వీధులతో కొత్తగా కట్టారు. 1931 నాటికి అక్కడి జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసిన తెలుగువారిని కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనేవారు. ఆ పిలుపులో చులకనా ఉండేది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. వారిలో ఎందరో అడవిదారుల వెంట కాలినడకన స్వదేశం చేరారు.