గిటార్ ఆక్టేవ్ పెడల్‌ని బేస్‌కి మార్చుకోవచ్చా?

ప్రశ్న: గురూగారూ, మాది గాజువాక, చర్చి బ్యాండ్‌లో నాలుగు స్ట్రింగ్స్ బేస్ వాయిస్తాను. ఎవరో ఇంట్లో కట్టుకున్న ఆక్టేవ్ పెడల్ (వాయించిన నోటుకి సగం హెర్ట్జ్‌లో ఉండే కింది నోటు, అంటే కింది ఆక్టేవ్, తోడు కలిపే పెట్టె) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొనేశా, గిటార్ కోసం కట్టిందట. మా ఫ్రెండు గిటార్ పెడితే బానే పలుకుతోంది, నా బేస్ పెడితే మాత్రం అసలు సౌండే పల్చబడిపోతోంది, కింది ఆక్టేవ్ అయితే గొంతు పోయినోడు పాడినట్టు పైకీ కిందకీ ఎగురుతోంది. విప్పి చూశాను. ఇన్‌పుట్‌లో 103 కెపాసిటర్, దాని వెనకాల గ్రౌండ్‌కి 100కె రెసిస్టర్, ఆ తర్వాత కంపారేటర్, దానికి ముందు 10కె రెసిస్టరు 102 కెపాసిటరు, చివర్లో 4013 ఐసీ ఉన్నాయి. ఇన్‌పుట్ కెపాసిటర్ పెద్దది వేసేస్తే సరిపోద్దా?

జవాబు: సగం సరిపోద్ది తమ్ముడూ. విప్పి, విలువలు కూడా రాసి పంపావు చూడు, దానికే నీకు సగం మార్కులు.

ముందు పల్చబడటం సంగతి. 103 అంటే 10 నానోఫారడ్, దానికి 100కె తోడైతే దాదాపు 160 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గిపోతూ ఉంటది. నీ ఓపెన్ ఇ (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటిన లావు తీగ) 41 హెర్ట్జ్, ఎ 55, డి 73, జి 98, అంటే నీ నాలుగు తీగలూ గేటు బయటే ఉండిపోతున్నాయన్నమాట, లోపలికి వెళ్తున్నది పైపై గలగలే. అక్కడ 104, అంటే 100 నానోఫారడ్ వెయ్, హద్దు 16 హెర్ట్జ్‌కి దిగిపోద్ది, బేస్ మొత్తం లోపలికొస్తది.

ఎగరడం వేరే జబ్బు, అందరూ దాన్ని కూడా ఇన్‌పుట్ కెపాసిటర్ మీదకే తోసేస్తారు. ఆ 4013 చేసేది ఉత్త లెక్క, లోపలికి రెండు అలలొస్తే బయటికి ఒకటి పంపుద్ది, అదే కింది ఆక్టేవ్. కానీ లావు తీగ మీద అసలు నోటు కన్నా దాని పై హార్మోనిక్ (నోటుతో పాటే పలికే పై స్వరం) ఒక్కోసారి గట్టిగా ఉంటది, అప్పుడు కంపారేటర్ (అలల్ని 4013 లెక్కపెట్టేలా ఆన్-ఆఫ్‌గా మార్చే భాగం) ఒక అలని రెండుగా చూసేస్తది, బస్సులో కండక్టరు ఒళ్లో పిల్లలకి కూడా టికెట్ కొట్టేసినట్టు. ఆ పిల్లల్ని ముందే ఆపాలి. నీ 10కె, 102 (1 నానోఫారడ్) జత కోసేది 16 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే ఏమీ ఆపట్లేదు. 102 తీసి 473 (47 నానోఫారడ్) పెట్టు, 340 హెర్ట్జ్ దగ్గర్నుంచి కోత మొదలవుద్ది, ఇంకా ఎగిరితే 104, అప్పుడు 160. మరీ పెద్దది పెడితే జి తీగ మీద పైన వాయించినప్పుడు పట్టుకోడం మానేస్తది, కాబట్టి రెండూ మార్చి మార్చి వాయించి చూశాకే గట్టిగా సోల్డర్ చెయ్. ఒకటి చూసుకో, ఒరిజినల్ సౌండ్ వెళ్లే దారి ఈ కెపాసిటర్ తర్వాత చీలుతుంటే అది కూడా దుప్పటి కప్పుకున్నట్టు అయిపోద్ది, అప్పుడు ఆ వైరుని 10కె ముందుకి మార్చుకోవాలి. 1982లో వచ్చిన బాస్ కంపెనీ ఓసీ-2లో కూడా ఒరిజినల్‌కి విడిగా ఒక నాబ్ ఉంటది (బాస్, బేస్ కలిపి చదివి షాపులో గొడవ పెట్టుకోకు), బేస్‌కి ఆ కలుపుడే ప్రాణం.

ఇక ఓపెన్ ఇ మీద ఆశ వదిలెయ్. దాని కింది ఆక్టేవ్ 20.6 హెర్ట్జ్, మనిషి చెవికి అదే అంచు, మీ చర్చి స్పీకర్లు ఎలాగూ పలకవు, ఊరికే కోను ఊగుతూ ఉంటది. డి తీగ రెండో ఫ్రెట్ నుంచి పైకి వాయించు, అది 82, దాని కింద వచ్చేది సరిగ్గా నీ ఓపెన్ ఇ. నెక్ పికప్, టోన్ నాబ్ బాగా తగ్గించు, ఒకసారికి ఒక్క నోటే, పక్క తీగని అరచేత్తో నొక్కి ఉంచు. గొలుసులో ఈ పెడలే ముందుండాలని నా లెక్క, డిస్టార్షన్ తర్వాత పెట్టావంటే పిల్లలు మళ్లీ బస్సెక్కేస్తారు.

4013ని సాకెట్‌లో పెట్టుకో, ఇదెందుకంటే నా కథ ఉంది. వినాయక చవితి ప్రోగ్రాం సాయంత్రం, ఎంవీపీ కాలనీలో, అడాప్టర్ మర్చిపోయి పందిరోళ్ల వైఫై రౌటర్‌ది పీకి పెట్టేశాను, దాని పిన్ను మధ్యలో ప్లస్, నా పెడల్‌కి కావాల్సింది మధ్యలో మైనస్. చిన్న టిక్ మని చప్పుడు, కాలిన వాసన, ఆ రాత్రంతా ఆక్టేవ్ లేకుండానే గడిచింది, మర్నాడు బోర్డు మీదున్న ఐసీ పీకుతుంటే కింద రాగి కూడా ఊడొచ్చింది. మల్టీమీటర్ పెట్టి చూసుకోడానికి పది సెకన్లు పట్టేది. ప్లస్ మైనస్ తిరగబడినా ఐసీ కాలకుండా సప్లై దగ్గర ఒక 1ఎన్4001 డయోడ్ కూడా పెట్టుకో.

కెపాసిటర్లు మార్చాక కూడా బరబర వస్తే సర్క్యూట్‌ని తిట్టకు, ముందు జాక్‌లు చూడు. మన సముద్రం గాలికి వాటికి పచ్చగా చిలుము పట్టేస్తది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గట్టిగా రుద్ది తుడిచి చూడు.